పెద్దక్క ఫోను ఆన్ చేసేలోపు

పదకొండూ ఐదు. సర్వర్ ఆపి పావుగంటయింది, ఇంకా ఎవరూ అరవలేదు, అంటే ఎవరూ చూసుకోలేదన్నమాట, లేదా చూసుకుని మళ్లీ నొక్కి, ఇంకోసారి నొక్కి, సిగ్నల్ లేదేమోనని ఫోను పైకెత్తి పట్టుకుని ఏ రోగి ఇంటి కిటికీ దగ్గరికో నడుస్తున్నారన్నమాట. మావాళ్లంతా అంతే, తప్పు ముందు సిగ్నల్ మీద వేస్తారు, తర్వాత ఫోను మీద, అన్నీ అయ్యాక నా మీద. ఈసారి మొదటే నా మీద వేసి ఉంటే సరిపోయేది, ఒక్కరికీ ఆ బుద్ధి పుట్టలేదు. నర్సుల గదిలో తలుపు కనిపించేలా కుర్చీ జరుపుకుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, కేబుల్ చేతికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చున్నాను. నర్సులందరికీ పెద్ద, పెద్దక్క రావాలి. పన్నెండు రోజుల సెలవయ్యాక ఇవాళే డ్యూటీలో చేరుతోంది, పదకొండున్నరకీ పన్నెండుకీ మధ్య ఆ తలుపు తోసుకుని వస్తుంది, ఆవిడ బ్యాగులో ఆఫీసు ఫోను ఉంటుంది, అది పన్నెండు రోజులుగా ఆపేసి ఉంది, ఈ లోకంలో నేను చెరిపేసిన మాటలు మిగిలింది ఆ ఒక్క ఫోనులోనే. అది ఆన్ అయి సర్వర్‌తో ఒక్కసారి మాట్లాడిందా, అయిపోయింది, అక్కడ కూడా పోతాయి. అందుకే సర్వర్ ఆపాను. పన్నెండు దాకా ఆపుకోమన్నారు మేనేజర్‌గారు, పన్నెండు దాటితే మధ్యాహ్నం ఏ నర్సు ఏ ఇంటికి వెళ్లాలో ఎవరికీ తెలియదు.

ఎదురుగా బెంచీ మీద కొత్తావిడ కూర్చుంది. కొత్తావిడ అంటే వయసులో కొత్త కాదు, నలభై ఆరేళ్లు, పెద్ద ఆసుపత్రిలో ఇరవై ఏళ్లు చేసి మోకాళ్లు అరిగి, ఇళ్లకు వెళ్లి కట్లు కట్టే ఈ పనిలో చేరి మూడు నెలలైంది. ఇంకా పర్మనెంట్ కాలేదు. ఆవిడ కూడా పన్నెండు కోసమే చూస్తోంది, పన్నెండింటికి మేనేజర్‌గారి గదిలో సంజాయిషీ కాగితం ఇవ్వాలి, ఇచ్చినా ఇవ్వకపోయినా ఇవాళే ఆఖరి రోజని ఆయన అప్పుడే ఎవరితోనో అనేశారు, ఆ మాట ఈ గదిలోకి రావడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. కాగితం పక్కన పెట్టి, దాని మీద పెన్ను పెట్టి, ఒక్క ముక్క రాయకుండా, గాజుగుడ్డ నలుచదరంగా మడుస్తోంది. ఎవరూ చెప్పలేదు మడవమని. చేతులు ఊరికే ఉండలేని మనుషులుంటారు, మా అత్తగారు టీవీ చూస్తూ ఇంట్లో ఉన్న తువ్వాళ్లన్నీ విప్పి మళ్లీ మడతపెట్టేది, ఎందుకత్తయ్యా అంటే నీకెందుకే అనేది. నేను ఈవిడ మొహం చూడటం లేదు. చేతుల్నే చూస్తున్నాను, మూడు మడతలు, తిప్పి రెండు మడతలు, అరచేత్తో ఒక్క ఒత్తు.

ఎవరైనా అడిగితే నా ఉద్యోగం ఏమిటో చెప్పడానికి తల ప్రాణం తోకకొస్తుంది. మా ఆయన సులువుగా చెప్పేస్తాడు, "మా ఆవిడ ఫోన్‌బుక్కులు కలుపుతుంది" అని. ఏ కంపెనీ సొత్తూ కాని ఒక పద్ధతి ఉంది, క్యాలెండర్లూ ఫోను నంబర్లూ ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి ఎలా చేరాలో ఎవరెవరో కూర్చుని, కొట్లాడుకుని, రాసిపెట్టిన ఒప్పందం, ఎవరైనా వాడుకోవచ్చు, ఏ ఫోనైనా ఏ సర్వర్‌తోనైనా మాట్లాడొచ్చు. చాలా మర్యాదస్తుల భాష అది. ఫోను వచ్చి అడుగుతుంది, నేను పోయినసారి వచ్చి వెళ్లాక ఏం మారింది అని. సర్వర్ చెబుతుంది, ఇవి కొత్తవి, ఇవి మారినవి, ఇవి ఇప్పుడు లేవు. లేవు అన్నవాటిని ఫోను తన దగ్గర కూడా తీసేస్తుంది. దీన్నే సింకు అంటారు. ఎందుకు లేవు, ఎవరు తీశారు, ఏమైనా పొరపాటా, ఈ ప్రశ్నలు వేయదు. ఆ నమ్మకం అంటే నాకు ముచ్చట. పదకొండేళ్లుగా దీన్నే పట్టుకుని వేలాడుతున్నానంటే జీతం కోసమే కాదు, ఇన్ని వేల ఫోన్లు ఒకరినొకరు అనుమానించకుండా మాట్లాడుకుంటున్నాయంటే దాని వెనక నాలాంటివాళ్లున్నారు అనే గర్వం కూడా. ఆ గర్వం ఇవాళ ఎక్కడ దాక్కుందో మరి.

ఏడుగురు నర్సులు, ఒకటే పాస్‌వర్డ్. వద్దమ్మా, మనిషికొకటి ఇస్తాను, ఎవరు ఏం మార్చారో తెలుస్తుంది అని మొదటి రోజే మొత్తుకున్నాను. పెద్దక్క నవ్వేసి, "మాలో మాకు ఎవరు మార్చారో తెలియడం ఎందుకు? మాట నిజమైతే చాలు" అంది. మందుల రికార్డులు వేరే ఉంటాయి, అవి డాక్టర్లవి. వీళ్ల దగ్గర ఉండేది అందరికీ కలిపి ఒక నంబర్ల పుస్తకం, అందులో ప్రతి రోగి పేరు కింద నోట్ అని ఒక చిన్న గడి. ఆ గడిలో ఏం రాస్తారో నేను చదవను. తాళాలు బాగుచేసేవాడు బీరువాలో చెయ్యి పెట్టడు, అంతే. కానీ టీ తాగేటప్పుడు వీళ్లే చెప్పుకుని నవ్వుతారు, చెవిలో పడతాయి. బెల్లు పనిచేయదు, కిటికీ మీద కొట్టండి. ఎడమచెవి వైపు మాట్లాడండి. సూది కనపడనివ్వకండి, మనవరాలి సంగతి అడుగుతూ వేసేయండి. కుక్క మంచిదే, ఇంటాయన కరుస్తాడు. ఒక నర్సు రాస్తే ఇంకో నర్సు కలుపుతుంది, అలా నాలుగేళ్లు, నాలుగు వందల పన్నెండు మంది.

పదకొండూ పదిహేడు. బయట మెట్ల మీద చెప్పుల చప్పుడు. పెద్దక్క కాదు, మంచినీళ్ల డబ్బా తెచ్చినతను, దించి, సంతకం పెట్టించుకోవడానికి కాగితం నా ముందు పెట్టాడు. పెట్టాను. చెయ్యి వణకలేదు, నా చెయ్యి ఎప్పుడూ వణకదు, అదే నా జబ్బు. తొమ్మిదేళ్ల కింద స్నానాలగదిలో కొళాయి కట్టకుండా ఆఫీసుకెళ్లిపోయాను, కింది ఇంటివాళ్ల పైకప్పు తడిసి పెచ్చులూడిపడింది, సాయంత్రం ఆవిడ గుమ్మంలో నిలబడి నడుం మీద చెయ్యి పెట్టుకుంటే, కొళాయి పాడైందండీ, కట్టినా కారుతోంది అన్నాను, అనుకోకుండా, చాలా మామూలుగా. మర్నాడు ప్లంబర్ వచ్చి తిప్పి తిప్పి చూసి, బాగానే ఉందమ్మా అన్నాడు. కాదు, మార్చేయండి అన్నాను. బంగారంలాంటి కొళాయి పీకి కొత్తది పెట్టించాను, మా ఆయనకు ఈ రోజు వరకూ తెలియదు, పాత కొళాయి మీద జాలిపడతాడు ఇప్పటికీ, ఆ కంపెనీది మళ్లీ కొననివ్వడు. ఎంత తేలిగ్గా వచ్చేసింది ఆ మాట. నోరు తనంతట తానే పనిచేస్తుంది, నేను పక్కన నిలబడి చూస్తుంటాను.

పొద్దున కూడా అంతే. పదిన్నరకు మేనేజర్‌గారు పిలిచి సంగతంతా చెప్పారు. కుట్టుపని నేర్పే టీచరమ్మ ఒకావిడ, రొమ్ము మీద ఆపరేషన్ అయింది, రెండ్రోజులకోసారి కట్టు మార్చాలి. ఆవిడ పేరు కింద రెండు నంబర్లు. ఆ ఇంటికి ఇవాళే మొదటిసారి వెళ్లాల్సిన కొత్తావిడ తొమ్మిదింటికి మొదటి నంబరుకు చేసి, అమ్మగారి కట్టు మార్చడానికి బయల్దేరుతున్నానండీ అంది. ఎత్తింది కూతురు. ఏం కట్టు, ఎందుకు కట్టు, ఏమైంది మా అమ్మకి. ఆ అమ్మాయికి ఇంకా చెప్పలేదు, వచ్చే వారం దగ్గర కూర్చోబెట్టుకుని చెబుదామనుకుంది టీచరమ్మ. తర్వాత ఆవిడ మేనేజర్‌గారికి ఫోన్ చేసి తిట్టలేదట, ఏడవలేదట, "నా నోటితో నేను చెప్పుకోవాల్సిన మాటండీ అది" అని మాత్రం అందట. ఇంకో నర్సు వచ్చి, ఆ కార్డులో నోట్ ఉంది సార్, మొదటి నంబరుకు చేయొద్దు, కూతురిది, తెలియదు అని పెద్దక్క రాసింది, పోయిన నెల నేను చదివాను అంది. తెరిచి చూస్తే గడి ఖాళీ. మేనేజర్‌గారికి క్షణం పట్టలేదు కథ అల్లుకోవడానికి, ఈవిడ చూసుకోకుండా ఫోన్ చేసింది, గొడవయ్యేసరికి నోట్ చెరిపేసి, లేదు పొమ్మంటోంది. నా వైపు తిరిగి, "ఎవరు చెరిపారో తెలుస్తుందామ్మా?" అన్నారు.

ఆ క్షణానికే నాకు తెలిసిపోయింది. పది రోజుల కింద ప్రతి పేరూ రెండేసిసార్లు కనిపిస్తోందని గోల పెడితే, ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాను, ఒకే మనిషివి రెండు కార్డులుంటే పాతది తీసేసి కొత్తది ఉంచు అని. పది లైన్లు, పావుగంట పని, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ కొత్త కార్డులు ఎవరో ఒకరి ఫోనులోని యాప్ రాసినవి, ఆ యాప్‌కి నోట్ గడి అంటే ఏమిటో తెలియదు, పేరూ నంబర్లూ రాసి నోట్ వదిలేసింది. తేదీ చూశాను కానీ లోపల ఏముందో చూడలేదు. పాత నర్సులకు ఇళ్లన్నీ కంఠతా వచ్చు, అందుకే పది రోజులుగా ఎవరూ ఆ గడి తెరిచి చూసుకోలేదు. చదవకూడదు కదా, మర్యాద కదా. బ్యాకప్ ఏడు రోజులవే ఉంచుతాం, అది పెట్టిందీ నేనే. ఇవన్నీ మెరుపులా తిరిగాయి బుర్రలో, నోరు మాత్రం తన పని తాను చేసుకుపోయింది, "అందరిదీ ఒకటే పాస్‌వర్డ్ కదా సార్, చెప్పలేం. యాప్ అప్‌డేట్‌లో ఏదైనా తేడా వచ్చిందేమో చూస్తాను, ఓ గంట సర్వర్ ఆపాలి." అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఒకటే పాస్‌వర్డ్ నిజం. చెప్పలేం అన్నదీ నిజమే, చెప్పలేకపోయాను కదా.

"మేడమ్."

కొత్తావిడ. చేతులు ఆగాయి. నేను ల్యాప్‌టాప్‌లో ఏదో చదువుతున్నట్టు ఒక్క క్షణం ఆగి తలెత్తాను, "చెప్పండి."

"మీరు ఇవన్నీ చూసేవారు కదా. ఒక మనిషి ఫోనులో ఒకటి ఉండి, ఆ మనిషి కంటికి కనపడకుండా ఉంటుందా?"

"అంటే?"

"అంటే, నేను చూశానండీ. పేరు నొక్కాను, కిందికి జరిపాను, ఖాళీగా ఉంది. నాకు బాగా గుర్తు. కానీ అందరూ ఉందంటున్నారు. చదివామంటున్నారు. ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా తప్పు మందు ఇవ్వలేదు నేను. ఇప్పుడేమో, రాత్రి సరిగ్గా నిద్రలేదు కదా, నేనే చూళ్లేదేమో, చూశాననుకుంటున్నానేమో అనిపిస్తోంది." కళ్లు తుడుచుకోలేదు, కళ్లలో నీళ్లేం లేవు, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతోంది. "అలా అయితే ఈ పని మానేయడమే మంచిదండీ. వేరేవాళ్ల ఒంటి మీద చెయ్యి వేసే పని."

ఇప్పుడు చెప్పు. ఇప్పుడు చెప్పేయ్. నోరు తెరిచాను. "టీ తాగుతారా?" అన్నాను. వద్దండీ అంది. మళ్లీ గాజుగుడ్డ అందుకుంది.

పదకొండూ ముప్పై ఆరు. మేనేజర్‌గారి మెసేజ్, ఎంతవరకు వచ్చింది అని. చూస్తున్నా సార్ అని కొట్టాను. అప్పటికే తేలు కుట్టిన దొంగలా కూర్చున్నదానికి ఇంకో ఆలోచన వచ్చింది, ఇంతసేపూ నోట్లు తిరిగొస్తే చాలు, గండం గట్టెక్కినట్టే అనుకుంటున్నాను కదా, తిరిగొస్తే ఏమవుతుంది? టీచరమ్మ కార్డు తెరిస్తే గడిలో నోట్ ఉంటుంది. పెద్దక్క రాసింది రాసినట్టు, పాత తేదీతో. మేనేజర్‌గారు చూస్తారు, ఇదిగో, ఉంది కదా, ఎప్పటినుంచో ఉంది కదా అంటారు. ఈవిడ కూడా చూస్తుంది. ఉందన్నమాట, నాకే కనపడలేదన్నమాట అనుకుంటుంది, ఇంటికెళ్తుంది, ఇంకెప్పుడూ తన కళ్లను తాను నమ్మదు. నేను ఎంత బాగా బాగుచేస్తే ఈవిడ అంత గట్టిగా మునుగుతుంది. బాగుచేయకపోతే నాలుగు వందల ఇళ్లలో ఎవరి తలుపు ఎలా కొట్టాలో ఎవరికీ తెలియదు. బాగుచేసి ఊరుకోవడం అనే దారి లేదు, బాగుచేసి చెప్పడమే. ఇంత చిన్న సంగతి గ్రహించడానికి గంట పట్టింది నాకు, పదకొండేళ్ల అనుభవం. చెబితే ఏమవుతుంది, కాంట్రాక్టు పోతుందా, పోవచ్చు, మా ఆఫీసులో నవ్వుతారా, నవ్వుతారు, నోట్లు చూసుకోకుండా తేదీ చూసి తీసేసిందట అని కొత్తగా చేరేవాళ్లకు నన్ను పాఠంగా చెబుతారు. అవన్నీ కాదు, అసలు భయం అది కాదు. ఆ మాట నా నోటినుంచి ఎప్పుడూ రాలేదు, ఎలా మొదలుపెట్టాలో తెలియదు, అదీ భయం.

తలుపు తోసుకుని పెద్దక్క వచ్చింది. పన్నెండు రోజుల్లో కొంచెం నల్లబడింది, భుజాన బ్యాగు, చేతిలో ఇంకో సంచి, గుమ్మంలోనే చెయ్యి బ్యాగులో పెట్టింది, ఆవిడ అలవాటు అది, సెలవు పెడితే ఫోను చచ్చినట్టు పడుండాల్సిందే, ఆఫీసు గడప తొక్కాకే ప్రాణం పోస్తుంది, మరీ ఆలస్యమైతే తప్ప దారిలో తీయదు.

"ఆన్ చేయకండి!" అని, సర్వర్ ఆగే ఉందని తెలిసీ, కేక పెట్టాను. కుర్చీ వెనక్కి పడింది.

"ఓయమ్మో," అంది పెద్దక్క, ఫోను గుండెకు ఆనించుకుని. "ఏమిటే ఆ కేక? బాంబు ఉందా ఇందులో?"

ఫోను లాక్కున్నంత పని చేశాను. సిమ్ పీకాను, వైఫై పెట్టె ప్లగ్గు అంతకుముందే పీకేశాను, అప్పుడు ఆన్ చేసి, కేబుల్ గుచ్చి, నంబర్ల పుస్తకం మొత్తం ఒక్క ఫైలుగా బయటికి లాగాను. ఇరవై సెకన్లు. తెరిచాను. నోట్లు ఉన్నాయి. అన్నీ ఉన్నాయి, కిటికీ మీద కొట్టండి, ఎడమచెవి, మనవరాలు, కుక్క, టీచరమ్మ కూతురు, ఒకదాని కింద ఒకటి, అమ్మయ్య. రెండు చోట్ల దాచాను, మూడో చోట కూడా దాచాను. పెద్దక్క సంచి దించి, కొత్తావిడ ముందున్న తెల్ల కాగితాన్నీ, గాజుగుడ్డ గుట్టనూ, నన్నూ ఒకసారి చూసింది.

"ఏమైందమ్మా?" అంది.

"యాప్ అప్‌డేట్‌లో ఏదో తేడా పెద్దక్కా. నోట్లు పోయాయి. ఇప్పుడు దొరికాయిలెండి."

"ఊఁ," అంది.

లెక్క సరిపోయిందో లేదోనని ఫైలు చివరిదాకా జరుపుతున్నాను, చదవకుండా కళ్లతో తోసుకుంటూ. రోగుల పేర్లయ్యాక మందుల షాపు, అంబులెన్స్, కరెంటు ఆఫీసు, అన్నిటికీ నోట్లే, వీళ్లు దేన్నీ వదలరు. ఆ వరసలో "సింకు అమ్మాయి" అని ఒక కార్డు. నంబరు నాది. కింద గడిలో రెండు వాక్యాలు. మంచి పిల్ల, పిలిస్తే పరుగెత్తుకొస్తుంది. తప్పు తనదైతే మొదటిసారి చెప్పదు, ఇంకోసారి అడగండి.

తేదీ చూశాను, మూడేళ్ల కిందటిది. మూడేళ్లుగా ఏడుగురి ఫోనుల్లో, ఏడుగురి జేబుల్లో. టీ ఇచ్చినప్పుడూ, నవ్వినప్పుడూ, ఆ రోజు చప్పట్లు కొట్టినప్పుడూ వీళ్లందరికీ తెలుసు. ఏ రోజో ఏదో చిన్నదానికి నేను నీళ్లు నమిలితే పెద్దక్క రాసుకుంది, కోపంతో కాదు, కుక్క మంచిదే అని రాసినట్టే రాసింది, తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తుందని. మొహం వేడెక్కిపోయింది. ఒక్క మీట నొక్కితే ఆ వాక్యం పోతుంది. సర్వర్‌లో పెట్టకముందే తీసేస్తే ఎవరికీ తెలియదు, నాలుగు వందల నోట్లు తిరిగొచ్చాక ఒక్కటి తగ్గిందని ఎవరు లెక్కపెడతారు. కొత్తావిడ తప్ప, ఏడుగురిలో ఆరుగురు ఇంకోసారి అడిగి ఉంటారు ఎప్పుడో ఒకప్పుడు, నాకు తెలియకుండానే. మేనేజర్‌గారి ఫోనులో ఈ పుస్తకం లేదు. ఆయన ఒక్కసారే అడిగారు.

పన్నెండుకు నాలుగు నిమిషాలు. మేనేజర్‌గారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు, కొత్తావిడ లేచి, ఖాళీ కాగితం చేత్తో పట్టుకుంది. పెద్దక్క నా కుర్చీ వెనక్కి వచ్చింది. తెర మీద ఏ కార్డు ఉందో చూసే ఉంటుంది, చూసినట్టు అనలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, అదే గొంతుతో, అంతే నెమ్మదిగా అడిగింది.

"ఏమైందమ్మా?"

"నేనే చెరిపానక్కా," అన్నాను. వచ్చేసింది, ఇంత చిన్న మాట. లేచి నిలబడ్డాను. "పది రోజుల కింద డూప్లికేట్లు తీసేస్తూ నోట్లన్నీ నేనే చెరిపేశాను సార్. పొద్దున ఈవిడ చూసినప్పుడు అందులో ఏమీ లేదు. ఈవిడ చూసింది నిజం. మీరు అడిగినప్పుడే నాకు తెలుసు."

నేను కొత్తావిడ వైపు తిరిగాను, ఊరట చూస్తాననుకున్నాను ఆవిడ మొహంలో, ఉంది కూడా, పెద్ద ఊపిరి తీసుకుంది, కాగితం బెంచీ మీద పెట్టేసింది. ఆ తర్వాత నన్ను చూసింది, తిట్టడానికి కాదు, తన ఫోను వల్ల టీచరమ్మకు ఎంత నొప్పి కలిగిందో విన్నప్పుడు చూసి ఉంటుందే, అలా.

"గంట నుంచి నా ఎదురుగానే కూర్చున్నారు కదండీ," అంది.

"అవునండీ," అన్నాను.